ల్యాబ్ లేని ఊళ్లో ఈఎంసీ పీహెచ్‌డీ చేయించడం ఎలా

కొత్తగా గైడ్‌షిప్ వచ్చిన ట్రిపుల్ ఈ, ఈసీఈ అధ్యాపకులు నాకు ఫోన్ చేస్తే అడిగేది దాదాపు ఒకటే. “మేడం, మన దగ్గర ఛాంబర్ లేదు, కోట్ల రూపాయల పరికరాలు లేవు. ఈఎంసీలో పీహెచ్‌డీ ఎలా చేయిస్తున్నారు?” నేను చెన్నైలో టెస్టింగ్ పని చేసి, తర్వాత నెల్లూరు వచ్చి కాలేజీలో చేరినదాన్ని. బయటి రేడియో అలలు చొరబడని కొలత గదినే ఛాంబర్ అంటాం. అది లేకపోవడం ఇబ్బందే, కాదనను. కానీ మన జిల్లాల్లో ఈ రంగానికి కావలసిన సమస్యలు గట్టు మీద, ఫ్యాక్టరీ షెడ్డులో, రైసు మిల్లులో కుప్పలుగా పడి ఉన్నాయి. విద్యార్థిని వాటి దగ్గరికి ఎలా తీసుకెళ్లాలో, వెళ్లేలోపు ఏం నేర్పాలో ఇక్కడ రాస్తున్నాను.

విషయం తెలియనివాళ్ల కోసం ఒక్క మాట. ఒక పరికరం వెదజల్లే విద్యుత్ రొద పక్క పరికరం పని చెడగొడితే అది ఈఎంఐ (ఎలక్ట్రోమాగ్నెటిక్ ఇంటర్‌ఫియరెన్స్). రెండూ ఒకే చోట గొడవ లేకుండా పనిచేసేలా చూసుకోవడం ఈఎంసీ (ఎలక్ట్రోమాగ్నెటిక్ కంపాటిబిలిటీ). రొద పుట్టే చోటు, అది నడిచే దారి, దెబ్బతినే పరికరం అని మూడు ఉంటాయి. పీహెచ్‌డీలో చాలామంది మొదటిదాని మీదే పడతారు. నా లెక్కలో అసలు కథంతా దారిలో ఉంటుంది.

నేను పెట్టుకున్న నియమం ఒకటుంది. విద్యార్థి తీసిన కొలతను ఇంకొకరు, ఇంకో రోజు తీసినా అదే రావాలి. అది చేతనయ్యేవరకు ఫిల్టర్ డిజైన్ లేదు, సిమ్యులేషన్ లేదు, పేపర్ ఊసే లేదు. దీనివల్ల మొదటి సంవత్సరం విద్యార్థులు నా మీద విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

ఎవరిని చేర్చుకోవాలి

ఇంటర్వ్యూలో నేను మ్యాక్స్‌వెల్ సమీకరణాలు అప్పజెప్పమని అడగను. ఒక మీటరు రాగి తీగ చేతికిస్తాను. “ఇది ఎర్త్ వైరు. కరెంటుకు దీని అడ్డం, అంటే ఇంపిడెన్స్, ఎంత?” చాలామంది “సున్నా మేడం” అంటారు. 50 హెర్ట్జ్ దగ్గర అయితే సరే. మీటరు తీగకు ఇండక్టెన్స్ సుమారు ఒక మైక్రోహెన్రీ అనుకుంటే, 10 మెగాహెర్ట్జ్ దగ్గర అదే తీగ 63 ఓములు అవుతుంది. అప్పుడు అది ఎర్త్ అని పేరుకే. ఈ లెక్క అక్కడికక్కడ వేయలేకపోయినా పర్వాలేదు. వేసి చూపించాక ఆ అబ్బాయి ముఖంలో “అయితే మన ప్యానెల్ బోర్డుల్లో ఎర్తింగ్ అంతా?” అన్న అనుమానం వస్తే చాలు, చేర్చుకుంటాను. తల ఊపి ఊరుకున్నవాళ్లకు వేరే గైడును చూసుకోమని మర్యాదగానే చెప్తాను.

మా వైపు చేరేవాళ్లలో ఎక్కువమంది ఏదో ఒక కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పాఠాలు చెబుతూ పార్ట్‌టైమ్‌లో చేసేవాళ్లే. వారానికి పదహారు, పద్దెనిమిది గంటల క్లాసులు, పైన ఇన్విజిలేషన్, న్యాక్ ఫైళ్లు. వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. ల్యాబ్‌కు వారంలో ఒక పూట పూర్తిగా ఇవ్వగలరా అని అడగండి. “సాయంత్రాలు కాసేపు వస్తాను” అనే ఏర్పాటు ఈ రంగానికి పనికిరాదు. సెటప్ అమర్చడానికే గంటన్నర పడుతుంది, దాన్ని కదిలించకుండా కొలవాలి.

మొదటి ఆరు నెలలు: చెవి, చేయి, నోటుబుక్కు

మొదటి పరికరం పాత ట్రాన్సిస్టర్ రేడియో. మీడియం వేవ్ ఉన్నది కావాలి, ఎఫ్ఎం ఒక్కటే ఉన్నది వద్దు. నెల్లూరులో అయితే చెన్నై స్టేషన్ 720 కిలోహెర్ట్జ్ మీద, ఒంగోలు వైపైతే విజయవాడ 837 మీద పెట్టమంటాను. తర్వాత ఎల్ఈడీ బల్బు వెయ్యి, మొబైల్ ఛార్జర్ పెట్టు, ఇన్వర్టర్ ఆన్ చెయ్యి. ఒక్కోదానికి ఒక్కో రకం గరగర వినిపిస్తుంది. ఛార్జర్లలో స్విచింగ్ ఎంత వేగంతో జరిగినా దాని గుణిజాలు పైకి పాకి మీడియం వేవ్‌లో పడతాయి. రేడియోను చేతిలో తిప్పుతూ పోతే రొద తగ్గే దిశ ఒకటి దొరుకుతుంది, లోపలి ఫెర్రైట్ కడ్డీ చేసే పని అది. ఇంట్లో తిరిగి ఏ గదిలో ఏది ఎంత గోల చేస్తోందో రాసుకురమ్మంటాను. ఎంటెక్‌లో గోల్డ్ మెడల్ వచ్చినవాళ్లకు కూడా ఇదే హోంవర్కు.

ఈ ఆటలో చరిత్ర కూడా చెప్పేయవచ్చు. రేడియో వినేవాళ్ల గోడు తీర్చడానికే 1934లో సిస్పర్ అనే అంతర్జాతీయ కమిటీ పని మొదలుపెట్టింది. ఈనాటికీ మనం వాడే క్వాసీ పీక్ డిటెక్టర్ ఆ వినేవాడి చిరాకును లెక్కగట్టే పద్ధతి. అరుదుగా వచ్చే టిక్కుకు తక్కువ మార్కు, ఎడతెగని గరగరకు ఎక్కువ మార్కు. మరి ఇప్పుడు దెబ్బతినేది రేడియో శ్రోత కాదు, డిజిటల్ లింకు. దానికి చిరాకు ఉండదు, బిట్లు పోతాయి. అప్పటి కొలబద్ద ఇప్పటి బాధితుడికి సరిపోతుందా అన్న ప్రశ్న మీదే ఒక మంచి థీసిస్ నడుస్తుంది. రొద ఎంత ఎత్తుకు ఎంతసేపు వెళ్తోందో సంభావ్యతగా చూపే ఏపీడీ కొలతను తెలుసుకోమని ఇక్కడే చెప్పండి.

రెండోది ప్రోబు. సన్నటి కోయాక్సియల్ కేబుల్ ముక్కను రెండు మూడు సెంటీమీటర్ల లూపుగా వంచి, పైనున్న షీల్డును ఒక చోట కొద్దిగా కోస్తే అయస్కాంత క్షేత్రాన్ని పసిగట్టే నియర్ ఫీల్డ్ ప్రోబు తయారవుతుంది. కొన్నది వేలల్లో ఉంటుంది, చేసుకున్నది వందల్లో వస్తుంది. ఎవరి ప్రోబు వాళ్లే చేసుకోవాలి. టంకం వేయడం రాని ఈఎంసీ పరిశోధకుడిని నేను ఊహించలేను.

డెసిబెల్ లెక్క నోటికి రావాలి. 60 డీబీ మైక్రోవోల్ట్ అంటే ఒక మిల్లీవోల్టు. ఇళ్లలో వాడే పరికరాలకు 150 కిలోహెర్ట్జ్ దగ్గర క్వాసీ పీక్ పరిమితి 66, అంటే 2 మిల్లీవోల్టులు. 230 వోల్టుల తీగ మీద 2 మిల్లీవోల్టుల గురించి మాట్లాడుకుంటున్నామని విద్యార్థికి ఒంట్లోకి ఎక్కాలి. అలాగే ఇంకో లెక్క: మీటరు పొడవున్న కేబుల్ మీద 50 మెగాహెర్ట్జ్ దగ్గర 5 మైక్రోఆంపియర్ల కామన్ మోడ్ కరెంటు (లోపలి తీగలన్నిటిలో ఒకే దిశలో నడిచేది) పారితే చాలు, 3 మీటర్ల దూరంలో క్షేత్రం మీటరుకు 100 మైక్రోవోల్టులు దాటి పరిమితి తగులుతుంది. దీన్ని కాగితం మీద సాధించి, తర్వాత కేబుల్ చుట్టూ తగిలించే కరెంట్ క్లాంపుతో కొలిచి చూపమంటాను. పెట్టె లోపలి సర్క్యూట్‌ను వదిలేసి బయటికొచ్చే కేబుళ్ల వైపు చూడటం అప్పటి నుంచి మొదలవుతుంది.

చౌక అనలైజర్‌ను నమ్మాలా

ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ఎంత రొద ఉందో తెర మీద గీసి చూపేది స్పెక్ట్రమ్ అనలైజర్. చేతిలో ఇమిడేవి ఇప్పుడు ఏ కాలేజీ అయినా కొనగలిగే ధరకు దొరుకుతున్నాయి. కొనండి. కానీ దాని తెర మీద కనిపించే ప్రతి శిఖరమూ నిజం కాదు. బలమైన పల్సులు లోపలికి వస్తే అందులోని మిక్సర్ అనే సర్క్యూట్ ఉక్కిరిబిక్కిరై లేని శిఖరాలు పుట్టిస్తుంది. పరీక్ష సులువు. మధ్యలో సిగ్నల్‌ను తగ్గించే 10 డీబీ అటెన్యుయేటర్ పెట్టండి. నిజమైన శిఖరం సరిగ్గా 10 డీబీ దిగుతుంది. అంతకంటే ఎక్కువ దిగిందంటే అది అనలైజర్ లోపల పుట్టిన దొంగ శిఖరం. ఈ ఒక్క అలవాటు లేక తయారైన పేపర్లు నేను రివ్యూకు వచ్చినప్పుడు చూస్తుంటాను, చివర్లో పెద్ద పెద్ద నిర్ణయాలు రాసి ఉంటాయి.

రెండో అలవాటు, పరికరం ఆపేసి ముందు ఖాళీ కొలత తీయడం. చుట్టూ ఉన్న రొద పరిమితికి కనీసం 6 డీబీ కింద ఉండాలని ప్రమాణం చెబుతుంది. టౌన్లో అలా దొరకదు. ఎఫ్ఎం బ్యాండు, మొబైల్ టవర్లు, పక్క షాపు ఇన్వర్టర్ అన్నీ కనిపిస్తాయి. అందుకే కండక్టెడ్ కొలతలు, అంటే తీగ వెంబడి వచ్చేవి, 150 కిలోహెర్ట్జ్ నుంచి 30 మెగాహెర్ట్జ్ వరకు, కాలేజీలో చేయించండి. గాల్లోకి వెళ్లేవాటికి, అంటే 30 మెగాహెర్ట్జ్ పైన, కేబుల్ కరెంటు కొలిచి అంచనా వేసుకుని, అసలు కొలతకు ఛాంబర్‌కు వెళ్లాలి.

లిస్న్ దగ్గర ప్రాణం జాగ్రత్త

కండక్టెడ్ కొలతకు లిస్న్ అనే పెట్టె కావాలి. కరెంటు సరఫరా ఎక్కడ ఎలా ఉన్నా, పరికరానికి మాత్రం ఎప్పుడూ ఒకే తీరు అడ్డం కనిపించేలా చేస్తుంది. విద్యార్థి చేత తయారు చేయించవచ్చు కూడా. కానీ దాని లోపల కరెంటు తీగ నుంచి ఎర్త్‌కు పెద్ద కెపాసిటర్లు ఉంటాయి. 8 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఒక్కటే 230 వోల్టుల మీద అర ఆంపియర్‌కు పైగా ఎర్త్‌లోకి పంపుతుంది. ఎర్త్ తీగ ఊడి ఉన్నప్పుడు పెట్టెను ముట్టుకున్న మనిషి సంగతి వేరే చెప్పాలా?

అందువల్ల వరస తప్పకూడదు. ముందు లిస్న్ పెట్టెను రాగి పట్టీతో నేల మీద పరిచిన లోహపు రేకుకు, రేకును ఎర్త్‌కు బిగించాలి. అది ఒకరు బిగిస్తే ఇంకొకరు లాగి చూడాలి. తర్వాతే ప్లగ్గు. సరఫరా వైపు ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండాలి, లేదంటే లీకేజీ బ్రేకర్ ఎలాగూ పడిపోతుంది. పడిపోతోంది కదా అని బ్రేకర్‌ను బైపాస్ చేసే ఎలక్ట్రీషియన్లు ఉంటారు, వాళ్లను ల్యాబ్‌లోకి రానివ్వకండి. పరికరం ఆన్ అయి కుదురుకున్నాకే అనలైజర్‌ను కలపాలి, మధ్యలో పెద్ద దెబ్బలను ఆపే లిమిటర్ ఉండాలి. స్విచ్ వేసినప్పుడు వచ్చే దెబ్బకు అనలైజర్ ముందు భాగం కాలిపోతే బాగుచేయడానికి కొత్తదానికైనంత అవుతుంది. ల్యాబ్‌లో ఎవరూ ఒంటరిగా లైన్ వోల్టేజీ మీద పనిచేయకూడదు, గైడు సహా.

అమరిక కొలతలు కూడా వంటబట్టాలి. పరికరం 80 సెంటీమీటర్ల ఎత్తు కర్ర బల్ల మీద, నిలువు రేకుకు 40 సెంటీమీటర్ల దూరంలో, లిస్న్‌కు 80 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. మిగిలిన కేబుల్‌ను ఎలా మడిచారో ఫొటో తీసి నోటుబుక్కులో అతికించాలి. కేబుల్ మడత మారితే కొలత మారుతుందని విద్యార్థి స్వయంగా చూడాలి, మీరు చెబితే నమ్మడు.

గుంట గట్టు మీద

ఇక అసలు బడి. ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల రైతు గుంటలో ఆక్సిజన్ సెన్సార్ పెట్టించుకున్నాడు. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లకు డ్రైవులు పెట్టించాడు. సెన్సార్ చెప్పినదాన్ని బట్టి డ్రైవులు మోటార్ల వేగాన్ని పెంచడం, తగ్గించడం. “పగలంతా బాగానే ఉంటాది మేడం, పొద్దుగూకి అన్నీ తిరగడం మొదలైతే రెండున్నర చూపిస్తా ఉండాది. చేత్తో పట్టుకునే మీటరు పెడితే ఐదు ఉండాది. కరెంటు బిల్లు చూస్తే గుండె ఆగేట్టుంది” అన్నాడు. సెన్సార్ అమ్మినవాళ్లు వచ్చి ప్రోబు మార్చి పోయారు. అదే తీరు.

మా విద్యార్థి వెళ్లగానే డ్రైవులు ఒక్కొక్కటే ఆపి చూద్దామన్నాడు. ఆపకూడదన్నాను. గుంటలో ఆక్సిజన్ తెల్లవారుజామున అన్నిటికన్నా కిందికి పోతుంది. ఆ టైమ్‌లో వనామీ రొయ్యలున్న గుంటలో ఏరియేటర్లు ఆపి ప్రయోగాలు చేస్తే రైతు పంట మీదకొస్తుంది. ఈఎంసీ పరిశోధకుడు తను వెళ్లిన చోటి వృత్తి గురించి ముందు ఒక రోజు అడిగి తెలుసుకోవాలి, ఇది శిక్షణలో భాగం. చివరికి పట్టుబడి అయిపోయి నీళ్లు మాత్రమే ఉన్న పక్క గుంటలో అవే డ్రైవులు, అదే కేబుల్ వేసి పరీక్షలు చేశాం. సీడు వేసిన గుంటలో మధ్యాహ్నం ఎండలో, ఆక్సిజన్ బాగా ఉన్నప్పుడు, ఒక్కో ఏరియేటర్‌ను కాసేపు మాత్రం ఆపాం. పక్కన అదనంగా ఒకటి సిద్ధంగా పెట్టుకునే ఆపాం.

కరెంట్ క్లాంపును సెన్సార్ కేబుల్‌కు తగిలించి చూస్తే దారి దొరికింది. డ్రైవు లోపలి ఐజీబీటీ అనే ఎలక్ట్రానిక్ స్విచ్ 100 నానోసెకన్లలో వోల్టేజీని లేపుతుంది. ఆ అంచు వల్ల మూడు మెగాహెర్ట్జ్ దాటేదాకా బలమైన రొద ఉంటుంది. మోటారు చుట్టలకు, దాని ఇనుప ఒంటికి మధ్య ఉండే కెపాసిటెన్స్ గుండా ఆ రొద ఎర్త్‌లోకి దిగి, తిరిగి డ్రైవుకు చేరడానికి దారి వెతుక్కుంటుంది. వైరింగ్ చేసినవాళ్లు సెన్సార్ కేబుల్‌ను మోటారు కేబుల్‌తో కలిపి గట్టు పొడవునా ఒకే పీవీసీ పైపులో లాగేశారు. పెట్టె దగ్గర షీల్డును జడలా మెలేసి, బెత్తెడు తోకగా ఎర్త్ స్క్రూకు కట్టారు. ఆ తోక చేసే పనేమిటో ఇంటర్వ్యూలో ఇచ్చిన తీగ లెక్క గుర్తుంటే చాలు. ఇక గుంట పక్క ఎర్త్ కడ్డీ ఉప్పునీటి మట్టిలో తినేసి పెన్సిల్ ములుకులా మిగిలింది.

మందు పెద్దదేమీ కాదు. సెన్సార్ కేబుల్‌ను గట్టుకు రెండో వైపుకు మార్చాం. షీల్డును తోక లేకుండా చుట్టూ పట్టేసే క్లాంపుతో లోహపు ప్లేటుకు బిగించాం. మోటారుకు షీల్డున్న కేబుల్ వేసి రెండు చివర్లా కట్టాం. డ్రైవు స్విచింగ్ వేగం తగ్గిస్తే రొద ఇంకా తగ్గుతుంది, మోటారు కూత మాత్రం పెరుగుతుంది. రైతు “కూస్తే కూయనీ” అన్నాడు.

రైతుకు ఇది చాలు. థీసిస్‌కు చాలదు. బాగైందని చేతులు దులుపుకుని వచ్చేయబోయే విద్యార్థిని ఆపాల్సింది ఇక్కడే. మూడు మార్పుల్లో ఏది ఎన్ని డీబీ తగ్గించింది? ఒక్కోటీ విడిగా తీసి, మళ్లీ పెట్టి కొలిచావా? ఉప్పుగాలికి ఆ క్లాంపు ఏడాది తర్వాత ఎలా ఉంటుంది? తుప్పు పట్టేకొద్దీ షీల్డు పనితనం, అంటే ట్రాన్స్‌ఫర్ ఇంపిడెన్స్, ఎలా మారుతుంది? ఈ చివరి ప్రశ్న కోస్తా ఊళ్లో ఉన్న మనకు వరం లాంటిది. ఏసీ ల్యాబ్‌లో పాసైన పరికరం సముద్రం పక్కన మూడేళ్లకు ఏమవుతుందో చెప్పే కొలతలు ప్రపంచంలో ఎవరికైనా ఉపయోగపడతాయి.

ఊరు వదలకుండా దొరికే ఇతర సమస్యలు

చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీల్లో రాయి కోసే యంత్రాలు, గాంట్రీ క్రేన్లు అన్నీ డ్రైవుల మీదే. వాటి పక్కన వే బ్రిడ్జి ఉంటే అంకె నిలవదని ఫిర్యాదు. బరువును సిగ్నల్‌గా మార్చే లోడ్ సెల్ నుంచి పూర్తి బరువుకు వచ్చేదే 20 మిల్లీవోల్టుల పాటి సిగ్నల్. 60 టన్నులకు అదైతే 20 కిలోలకు ఏడు మైక్రోవోల్టులు కూడా రాదు. తీగ పట్టిన రేడియో రొదను యాంప్లిఫయర్ తనకు తెలియకుండానే డీసీగా మార్చేస్తుంది, బరువు అటూ ఇటూ జరుగుతుంది. రాయి టన్నుల్లో అమ్ముకునేచోట ఇది డబ్బు తగాదా అవుతుంది. విద్యార్థిని నెల రోజులు అక్కడే ఉంచండి. యజమానితో ముందే కాగితం రాసుకోండి: ఫ్యాక్టరీ పేరు థీసిస్‌లో రాదు, ఉత్పత్తి ఆపమని అడగం, కొలతల కాపీ ఒకటి ఆయనకిస్తాం. దొర్లిన తప్పులు బయటికి పోతాయన్న భయం పోతే వాళ్లే కుర్చీ వేసి టీ ఇప్పిస్తారు.

ఇంకోటి 2 నుంచి 150 కిలోహెర్ట్జ్ మధ్య బ్యాండు. హార్మోనిక్స్, అంటే 50 హెర్ట్జ్ గుణిజాల, ప్రమాణం 40వ హార్మోనిక్‌తో, అంటే 2 కిలోహెర్ట్జ్‌తో ఆగిపోతుంది. ఎక్కువ పరికరాలకు సిస్పర్ పరిమితులు 150 దగ్గర మొదలవుతాయి. సోలార్ ఇన్వర్టర్లు, డ్రైవులు రొద పోసేది సరిగ్గా ఈ మధ్యలోనే. నెదర్లాండ్స్‌లో ట్వెంటే విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ లెఫరింక్ బృందం ఎలక్ట్రానిక్ కరెంటు మీటర్లను పరీక్షించినప్పుడు తొమ్మిదిలో ఐదు అసలు కన్నా బాగా ఎక్కువ చూపించాయి, ఒక సందర్భంలో 582 శాతం వరకు. డిమ్మర్‌తో కలిపిన ఎల్ఈడీ, సీఎఫ్ఎల్ బల్బులు కరెంటును ముక్కలు ముక్కలుగా లాగడం వల్ల వచ్చిన తంటా అది. 2017లో ఈ ఫలితం పెద్ద వార్త అయింది. మన దగ్గర మీటర్ల మీద ఇలాంటి పని చేసేటప్పుడు విద్యార్థికి ఒక హెచ్చరిక ఇవ్వాలి: ఆ మీటర్ల ఫలితాన్ని మన మీటర్లకు అంటగట్టి ప్రెస్‌మీట్ పెట్టకూడదు. కొలవాలి, అంతే.

ఐరోపాలో మేరీ క్యూరీ నిధులతో నడిచిన పీటర్ అనే శిక్షణ నెట్‌వర్క్‌లో 15 మంది పరిశోధకులను తీసుకుని, ‘ల్యాబ్‌లో పాసైంది’ అన్న మాటతో ఆగకుండా రిస్కును లెక్కగట్టే ఈఎంసీ నేర్పారు. ఒక్కొక్కరూ కొంతకాలం వేరే సంస్థకు వెళ్లి పనిచేయాలన్నది అలాంటి నెట్‌వర్క్‌ల పద్ధతి. మా చీమకుర్తి నెల అక్కడి నుంచి తెచ్చుకున్నదే. అలాంటి నెట్‌వర్క్‌లకు ఏ దేశం వాళ్లైనా దరఖాస్తు చేసుకోవచ్చు, ఎంటెక్ అయిన చురుకైన పిల్లలుంటే వాళ్లకు ఈ సంగతి చెప్పండి. మీ దగ్గర ఉంచుకోవాలని దాచిపెట్టకండి.

ఛాంబర్ రోజు

ఛాంబర్ ఉన్న కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సమీర్‌కు చెన్నై తరమణిలో ఉన్న కేంద్రం మనకు దగ్గర, 175 కిలోమీటర్లు. గంటల లెక్కన డబ్బు కట్టాలి కాబట్టి ఆలోచించడానికి అక్కడికి వెళ్లకూడదు. ఏ కొలత, ఏ వరసలో, ఏది ఫెయిలైతే తర్వాత ఏం మార్చాలి అన్నది ముందే కాగితం మీద ఉండాలి. పినాకినీ ఎక్కితే అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం అయిపోతుంది, ముందు రోజు రాత్రికే వెళ్లి పడుకోండి. సంచీలో రాగి టేపు, రకరకాల ఫెర్రైట్లు, షీల్డు క్లాంపులు, ఒక అదనపు పవర్ సప్లై, టంకం సామాను, కాలేజీలో వాడిన అదే కేబుళ్లు ఉండాలి. అదే కేబుళ్లు అన్నది ముఖ్యం. మొదటి కొలత ఎప్పుడూ కాలేజీలో తీసినదాన్నే మళ్లీ తీయించండి. రెండిటికీ తేడా ఎన్ని డీబీ అన్నది తెలిస్తే, ఇక మీదట కాలేజీ కొలతలకు ఒక విలువ వస్తుంది. విద్యార్థులు పాస్, ఫెయిల్ కోసం టెన్షన్ పడుతుంటారు. నాకు ఆ తేడా అంకె కావాలి.

సిమ్యులేషన్, కోర్సువర్కు, పేపర్లు

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కోర్సువర్కు కనీసం 12 క్రెడిట్లు, కాలం కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. క్రెడిట్లలో పరిశోధనా నీతి ఎలాగూ ఉంటుంది. మిగిలినవాటిలో పవర్ ఎలక్ట్రానిక్స్, ఫీల్డ్స్ తీసుకుంటారు. మూడోది స్టాటిస్టిక్స్ అని పట్టుబట్టండి. కొలతలో అనిశ్చితి ఎంతో రాయలేని అంకెను నేను చాప్టర్‌లోకి రానివ్వను.

సిమ్యులేషన్ రెండో ఏడాదిలో మొదలు. అప్పటికి విద్యార్థి చేతిలో నమ్మదగిన కొలతలు ఉంటాయి కాబట్టి మోడల్ తప్పితే తప్పిందని ఒప్పుకుంటాడు. ముందే మొదలుపెట్టిస్తే కొలతను మోడల్‌కు సరిపెట్టడం నేర్చుకుంటాడు. రెండు గ్రాఫులు “బాగా కలిశాయి” అని రాస్తే కొట్టేయండి. ఐఈఈఈ 1597.1 ప్రమాణంలో ఎఫ్ఎస్‌వీ అనే పద్ధతి ఉంది, కలవడం ఎంతో అంకెల్లో చెబుతుంది. అది వేయించండి.

వినికిడి మాట మీద ఒక కసరత్తు కూడా ఇస్తాను. 1967 జూలై 29న అమెరికా విమానవాహక నౌక ఫారెస్టల్ మీద ఒక విమానం నుంచి రాకెట్ దానంతటదే దూసుకెళ్లి, మంటలు చెలరేగి 134 మంది చనిపోయారు. రాడార్ కిరణాల వల్ల జరిగిందని ఈఎంసీ క్లాసుల్లో చెప్పుకుంటూ వస్తారు. విచారణ నివేదిక చదివి రమ్మంటాను. అందులో విమానం బయటి కరెంటు నుంచి సొంత కరెంటుకు మారేటప్పుడు వచ్చిన సర్జ్ గురించి ఉంటుంది. మూలం చదవకుండా ఇంట్రడక్షన్ రాయడం ఆ దెబ్బతో మానేస్తారు.

పేపర్లకు తొందర వద్దు. సబ్మిషన్‌కు పేపరు తప్పనిసరి అన్న షరతును యూజీసీ 2022లో తీసేసింది, కానీ మీ యూనివర్సిటీ తనదైన నిబంధన పెట్టి ఉండవచ్చు, చూసుకోండి. నెల్లూరు వైపు అనంతపురం జేఎన్టీయూ, ప్రకాశం వైపు కాకినాడ జేఎన్టీయూ నిబంధనలు ఒకేలా ఉంటాయనుకోకండి. డబ్బు కడితే వారంలో అచ్చేస్తామనే జర్నల్ నుంచి మా విద్యార్థికి మెయిల్ వచ్చింది, రివ్యూ రిపోర్టులో మా కొలతల ప్రస్తావనే లేదు. వెనక్కి తీసుకున్నాం. మొదటి పేపరు ఇన్‌సెమిక్ లాంటి మన దేశంలోని ఈఎంసీ సమావేశానికి పంపండి. అక్కడికి వచ్చేవాళ్లలో టెస్ట్ ల్యాబ్ ఇంజినీర్లు ఎక్కువ, పోస్టర్ ముందు నిలబడి ఎర్త్ ఎక్కడ కట్టావని అడుగుతారు. జర్నల్ తర్వాత చూసుకోవచ్చు.

సంతకం పెట్టే ముందు

థీసిస్ మీద నేను సంతకం పెట్టే ముందు ఒక పరీక్ష ఉంటుంది. కొత్తగా చేరిన విద్యార్థికి పాత విద్యార్థి నోటుబుక్కు, ఫొటోలు ఇస్తాను. పాతవాడు గదిలో ఉండకూడదు, ఫోన్ ఎత్తకూడదు. థీసిస్‌లోని ఒక ముఖ్యమైన కొలతను కొత్తవాడు ఆ పుస్తకం చూసి తిరిగి తీయాలి. రాసిన అనిశ్చితి లోపల అంకె వస్తే సంతకం. రాకపోతే నోటుబుక్కులో ఏం రాయడం మర్చిపోయారో ఇద్దరూ కూర్చుని వెతకాలి. సాధారణంగా అది కేబుల్ మడతో, ఎర్త్ పట్టీ పొడవో అయి ఉంటుంది. అది చేర్చి, ఇంకోసారి తీయించి, అప్పుడు సబ్మిషన్ ఫారం నింపమంటాను. ముడి డేటా, క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్లు, సొంతంగా చేసుకున్న ప్రోబు, అన్నీ ల్యాబ్ బీరువాలో పెట్టి తాళంచెవి కొత్తవాడికి ఇచ్చి వెళ్లాలి.